ఎముకలలోని యర్బుదములు - వాని మూలకణముల గుర్తింపు

(సంఘ వార్షికసభయందు చేసిన యుపన్యాసము)



మన విశ్వబ్రాహ్మణ సభలయందు కులవృత్తుల యభ్యున్నతిని గూర్చియు, విద్యార్థుల వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఈ యేడు కార్యదర్శిగారు ఆరోగ్యవిషయమున నేదైన నొకటి చెప్పుమని మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. ముప్పదియేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు, అమరకోశమును, తెలుగు వ్యాకరణమును చెప్పి విశ్రాంతి గొన్న బడిపంతులము. అట్టి మాకు ఎముకలలో బుట్టు క్యాన్సరును గూర్చి చెప్పు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. అధికారము లేదు, ఋణము కలదు. ఆ ఋణ మెట్టిదో ముందుగా విన్నవించెదము.

1990 తరువాతి దశాబ్దమున మేము జగిత్యాల ప్రాంతపు పాఠశాల యొకదానియందు పనిచేయుచుంటిమి. మా తరగతిలో మన కులపు బాలు డొకడుండెను. పదునాలుగేండ్లవాడు; తండ్రి కుంపటి ముందు గూర్చుండి వెండిపని చేసి కుటుంబమును పోషించుకొనువాడు. బాలుడు కబడ్డి యాటలో పడి, కుడిమోకాలికి పైన నొప్పియని కుంటుచు బడికి వచ్చెడివాడు. నొప్పి పగటికంటె రాత్రి హెచ్చుగా నుండెడిది. తండ్రి మా సలహా యడిగెను. ఆ యూరికి కొంతదూరమున ఎముకలు కట్టువాడొకడు మంచి హస్తవాసి గలవాడని చెప్పి పంపినవారము మేమే. అతడు నూనె రాచి, వెదురుబద్దలు వేసి కట్టెను. రెండు నెలలు గడచెను. వాపు తగ్గుటకు మాఱుగా కొబ్బరికాయంత యయ్యెను. పిమ్మట పట్టణమునకు గొనిపోగా అది యెముక క్యాన్సరని తేలెను.

వైద్యులు మందు లెక్కించిరి. కొన్ని విడతలకే వాపు సగమునకు సగము తగ్గెను. ఇంకను మందులు కావలెననియు, శస్త్రచికిత్స తప్పదనియు వారు చెప్పిరి. తండ్రి మఱల మాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, గడ్డ కరగినది, అప్పు పెరిగినది. ఇక చాలునా?" యని యడిగెను. మేము నొచ్చుకొనుచునే తలయూపితిమి. ఏడాది తిరుగక మునుపే బాలునికి దగ్గు పట్టెను. దగ్గుతో రక్తము పడెను. వ్యాధి ఊపిరితిత్తులకు పాకియుండెను. హాజరుపట్టికలో వాని పేరును కొట్టివేసిన చేయి మాదే.

కరగిన గడ్డ మఱల నేల వచ్చెను? ఈ ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు. విశ్రాంతి పొందిన పిదప, చదువుకొన్న మనుమల సాయముతో, విద్వాంసులు దీనికి జెప్పు నుత్తరమును కూడబెట్టుకొంటిమి. నేటి మా యుపన్యాసము ఆ యుత్తరమే.

మొదట వ్యాధి స్వరూపము. మన దేహము కంటికి గానరాని కణములచే గట్టబడినది. ఎముకను కట్టు కణములు దారితప్పి, క్రమములేని పచ్చియెముకను పోయుచు విచ్చలవిడిగా పెరుగుటయే ఆస్టియోసార్కోమా యను వ్యాధి. బాలురలోను యౌవనస్థులలోను ఎముకయందే పుట్టు క్యాన్సర్లలో నిది ముఖ్యమైనది. పదియేండ్లకును ఇరువదియేండ్లకును నడుమ, ఎముకలు వడిగా నెదుగు కాలమున నిది హెచ్చుగా గానవచ్చును. తొడయెముక క్రిందికొన, మోకాలి దిగువనున్న పెద్దయెముక పైకొన, భుజమునొద్ద చేయెముక పైకొన - ఇవి దీని ప్రధానస్థానములు. ఎదుగుదల యెచ్చట హెచ్చో అచ్చటనే యీ దొంగయు పొంచియుండును. దెబ్బ తగులుట దీనికి కారణమని యెఱుగరాదు. దెబ్బ తగిలినపుడు మన చూపు ఆ చోటికి పోవును గావున లోపలనున్నది బయటపడుచున్నది, అంతియే. ఇది రక్తమార్గమున బోయి ముఖ్యముగా ఊపిరితిత్తులందు దిగును. ఇది యరుదైన వ్యాధియనియు, మోకాలినొప్పు లన్నియు క్యాన్సరు కావనియు గూడ చెప్పవలసియున్నది. భయపెట్టుట మా పని కాదు.

సుశ్రుతసంహిత చదివినవారికి అర్బుదమను పేరు క్రొత్తది కాదు. నిదానస్థానమున దాని లక్షణములు చెప్పబడినవి. ఒక యర్బుదము పుట్టినచోట మఱియొకటి పుట్టినచో దానికి అధ్యర్బుదమని పేరు. చికిత్సాస్థానమున ఆచార్యుడు, అర్బుదమును శేషము లేకుండ తీయవలెననియు, ఇంచుక మిగిలినను అది మఱల పెరిగి, ఆర్పక విడిచిన నిప్పువలె రోగిని హరించుననియు హెచ్చరించినాడు. దీనిని జూపి మన పూర్వులకు కణశాస్త్రమంతయు దెలియునని చాటుట మా యుద్దేశము కాదు. సూక్ష్మదర్శిని లేని కాలమున కణమును చూచినవారు లేరు. కాని శేషమను మాట వారు సరిగనే పట్టిరి. ఆ శేష మెట్టిది? గడ్డలోని యే కణమైనను శేషము కాగలదా, లేక కొన్ని మాత్రమే యట్టివా? శాస్త్రజ్ఞులు వెదకుచున్నది దీనినే.

ఈ వెదకులాటకు మొదటి మెట్టు కట్టినవారిలో మన తెలుగువాడొకడు కలడు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు బోయి, 1940 మొదలు లెడర్లీ పరిశోధనశాలలో పనిచేసిరి. వారి నాయకత్వమున అచ్చటి విద్వాంసులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధము చేసిరి. కణము రెండుగా చీలుటకు ఆ యామ్లము కావలయును. దానిని రూపమున బోలియుండి, కణమును మోసపుచ్చి, చీలిక నాపు మందులు కొన్ని అచ్చటనే తయారయ్యెను. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, వారిలో 10 మందికి గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. అంతకుమునుపు ఆ బిడ్డలకు మందనునదే లేకుండెను. ఆ యేడే సుబ్బారావుగారు దివంగతులైరి. అమినోప్టెరిన్‌తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

అయినను నాటి గుణము నిలువలేదు. కొన్ని మాసములకే వ్యాధి మఱల తలయెత్తెను. మా విద్యార్థి విషయమున మేము చూచినది అమెరికాలో వారును చూచిరి.

1970 తరువాత నార్మన్ జాఫీ మొదలగు వైద్యులు బోస్టనులోనే మెథోట్రెక్సేటును మిక్కిలి పెద్దమోతాదున నిచ్చి, వెనువెంటనే ల్యూకోవొరిన్ అను విఱుగుడును గూడ నిచ్చి, ఎముక క్యాన్సరుపై ప్రయోగించిరి. అంతకుమునుపు కాలు తీసివేసినను నూటికి ఎనుబదిమంది ఊపిరితిత్తులలో వ్యాధి తేలి మరణించెడివారు. నేడు మెథోట్రెక్సేటు, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ అను మూడు మందులను శస్త్రచికిత్సతో గలిపి పూర్తిగా నడిపినచో, వ్యాధి యితరస్థానములకు పాకినట్లు కనబడకమునుపే దొరికినవారిలో నూటికి 60 మొదలు 70 మంది ఐదేండ్లు దాటి జీవించుచున్నారు. కరీంనగరపు బిడ్డ కాలికి నేడెక్కించు మందులో భీమవరపు బిడ్డ బుద్ధిబలము కలదని మన పిల్లలకు చెప్పదగును.

ఇక మిగిలిన ముప్పది, నలువదిమంది మాటయేమి? ఇచ్చటనే మూలకణముల ప్రస్తావన వచ్చుచున్నది.

ముందు ఆరోగ్యవంతమైన దేహమునందలి మూలకణ మెట్టిదో తెలియవలెను. చర్మము రాలుచుండును, రక్తకణములు నశించుచుండును, ఎముక విఱుగును. అయినను దేహము తన్ను తాను పూరించుకొనుచుండును. ఇట్లు పూరించుటకు మూలధనమువలె కొన్ని కణములు దాచబడియున్నవి. వానికి రెండు లక్షణములు: చీలినపుడు తనవంటి కణమును మఱల నొకదానిని నిలుపుకొనుట, వేఱువేఱు పనులుచేయు కణములను పుట్టించుట. కెనడా దేశమున టొరాంటో నగరమందు జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లొక్ అనువారు ఎలుకల మజ్జను పరీక్షించి 1961లో రక్తమూలకణముల యునికిని నిరూపించిరి. ఎముకలు కట్టువాని కట్టులో విఱిగిన యెముక యతుకుకొనుచున్నదనిన, ఆ యతుకు వేయునది అతని నూనె కాదు, ఆకుపసరు కాదు; మన యెముకలను పొదివియుండు మూలకణములే. అతడు కదలకుండ పట్టియుంచుచున్నాడు, పని వానిది. కాని అర్బుదమునకు బద్దలు కట్టినచో నేమగును? అచ్చట అతికించుకొనవలసినది లేదు, అణచవలసినది కలదు. నూనె రాచి గట్టిగా పిసికినచో కీడే కాని మేలు లేదు. అన్నిటికంటె పెద్దనష్టము కాలము పోవుట.

అర్బుదమునందును ఇట్టి యేర్పాటే యున్నదా యని విద్వాంసులు యోచించిరి. గడ్డలో కోట్లకొలది కణములున్నను, పెక్కు కణములు కొన్నిమాఱులు చీలి అలసిపోవునవి. కొన్నిమాత్రమే గడ్డనంతను మఱల పుట్టింప జాలినవి. ఈ కొన్నింటికే క్యాన్సరు మూలకణములని పేరు. మన పొలములలోని తుంగను తలచుకొనుడు. పైగడ్డి కోసినచో మడి శుభ్రముగా గనబడును. నేలలో తుంగగడ్డ మిగిలినచో నెలతిరుగక మునుపే మడియంతయు తుంగయే. మందు పైగడ్డిని కోసినది; తుంగగడ్డ మిగిలినది. గడ్డ తగ్గుట వేఱు, మూలము పోవుట వేఱు. మేము నాడెఱుగని దిదియే.

ఉపమానము ప్రమాణము కాదు. నిరూపణ కావలెను. టొరాంటోలోనే జాన్ డిక్ అనువారును, వారి సహచరులును రక్తక్యాన్సరు కణములను వేఱుచేసి, రోగనిరోధకశక్తి లేని యెలుకలలో నాటి, కొన్ని గుఱుతులుగల కొద్దికణములే వ్యాధిని పుట్టించుచున్నవని 1994లోను, 1997లోను ప్రకటించిరి. 2003లో రొమ్ము, మెదడు అర్బుదములయందును ఇట్టివి యున్నవని ఇతరులు చూపిరి. 2005లో అమెరికాయందలి ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున పార్కర్ గిబ్స్ మొదలగువారు ఎముక యర్బుదములయందు గూడ మూలకణములవంటివి కలవని మొదట చూపిరి. 

వాని నెట్లు గుర్తింతురు? మన వృత్తిమాటలలోనే చెప్పెదము. బంగారమును పరీక్షించునపుడు మనవారు ఒరగల్లుపై గీటు గీతురు. ఆ గీటుపై తేజాబు చుక్క వేయుదురు. అప్పటికిని సందేహమున్నచో మూసలో బెట్టి కరగింతురు. మూలకణముల పరీక్షయు నిట్లే మూడంతస్తులది.

మొదటిది గీటు. ప్రతికణము పైపొరమీదను కొన్ని మాంసకృత్తులు పొడుచుకొనియుండును. వానికి అంకెలతో పేర్లు పెట్టినారు. 2008లో ఇటలీ విద్వాంసులు ఎముక యర్బుదపు కణములయందు సీడీ 133 అను గుఱుతును, 2010లో అమెరికావారు సీడీ 117, స్ట్రో 1 అను గుఱుతులను మూలకణముల చిహ్నములుగా జెప్పిరి. ఆ గుఱుతునకు మాత్రమే యంటుకొను ప్రతిదేహములకు వెలుగు రంగును బూసి కణములపై విడుతురు. పిదప ఒక యంత్రము కణములను ఒక్కొక్కటిగ వరుసలో నడిపించి, లేజరు వెలుగు వేసి, మెఱసినదానిని ఒక ప్రక్కకును, మెఱయనిదానిని వేఱొక ప్రక్కకును త్రోయును. కంసాలి యంగడి ముందరి దుమ్మును కడిగి బంగారురేణువులు తీయువారిని మీరు చూచియుందురు. ఇదియు నట్టి పనియే. కాని యిచ్చట వెలికిదీయు రేణువు ప్రాణము తీయునది.

రెండవది తేజాబు పరీక్ష. అనగా కష్టమునకు గురిచేసి చూచుట. గిబ్స్ మొదలగువారు చేసినది ఇదియే. సాధారణముగ కణములు గాజుపాత్ర యడుగున నంటుకొని, రక్తపు తేటను త్రాగి పెరుగును. అంటుకొనుటకు చోటీయక, ఆ తేటను గూడ నీయక, చిక్కని ద్రవములో తేల్చిరి. పెక్కు కణములు నిలువజాలకపోయెను. కొద్దికణములు మాత్రము తట్టుకొని, ఒక్కొక్కటియు చిన్న యుండగా పెరిగెను. ఇట్లే రంగు పరీక్ష యొకటి కలదు. కణములలోనికి రంగును విడిచినచో సాధారణకణములు దానిని పట్టియుంచుకొనును. మూలకణములవంటివి తమ పైపొరయందలి తోడుగొట్టములవంటి మాంసకృత్తులచే దానిని వెలికి దోడివేయును. రంగును తోడివేయునది మందును గూడ తోడివేయును గదా! మందునకు లొంగకపోవుటకు ఇది యొక కారణము. మఱియొక కారణము వాని నిద్ర. మెథోట్రెక్సేటు చీలుచున్న కణమును పట్టును. చీలక నిద్రించు కణము దానికి జిక్కదు.

మూడవది మూస. కణములను వేఱుచేసి, నిరోధకశక్తి లేని యెలుకలలో లెక్కపెట్టి నాటుదురు. గుఱుతుగల కొద్దికణములు గడ్డను పుట్టించి, గుఱుతులేనివి పెక్కైనను పుట్టింపకున్నచో మొదటి సాక్ష్యము. పుట్టిన గడ్డ మొదటి గడ్డవలె నానావిధకణములతో నున్నచో రెండవ సాక్ష్యము. దానినుండి దీసి వేఱొక యెలుకలో నాటినను మఱల పుట్టినచో మూడవ సాక్ష్యము. ఈ మూడును కుదిరిననే అది మూలకణము. గుఱుతుచే గాక క్రియచే గుర్తించుటయే తుదిపరీక్షయని విద్వాంసుల మతము. కులమడిగి గాక పనిజూచి మనిషిని గుర్తింపవలెనని మన సభలలో జెప్పుకొనుట లేదా? కణముల విషయమునను న్యాయమదియే.

మహాజనులారా! ఇచ్చట మేము నిజము దాచరాదు. ఒరగల్లు మీది గీటు పూతబంగారముచే మోసపోవచ్చును. రాయి మాఱినచో గీటును మాఱవచ్చును. 2008లో షాన్ మోరిసన్ మొదలగువారు చర్మమున బుట్టు మెలనోమా కణములను మఱింత నిరోధకశక్తి తగ్గిన యెలుకలలో నాటగా, అరుదనుకొన్న శక్తి సుమారు నాలుగింట నొక కణమునకు గలదని తేలెను. కణము మాఱలేదు, నాటిన నేల మాఱినది. కావున పరీక్షా విధానమును బట్టి లెక్క మాఱుచున్నదని యెల్లరును జాగరూకులైరి. మఱియు సాధారణకణమే యొకానొక స్థితిలో మూలకణస్వభావమును మఱల దాల్చవచ్చునని గూడ కనుగొనిరి. ఎముక యర్బుదములకన్నింటికి సరిపోవు నొకే గుఱుతు నేటివరకు స్థిరపడలేదు. ఒకరి యర్బుదమున గనబడు గుఱుతు వేఱొకరి యర్బుదమున గనబడదు. పైగా ఆ గుఱుతులు కొన్ని ఆరోగ్యవంతమగు మూలకణములకును గలవు. కావున గుఱుతు మాత్రమే చూచి కొట్టు మందు ఇంటివానిని గూడ కొట్టవచ్చును.

దీనికి మన హైదరాబాదునుండియే యొక దృష్టాంతము కలదు. పసిబిడ్డల కంటిలోపల రెటినోబ్లాస్టోమా యను క్యాన్సరు పుట్టును. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థయందును, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును గీతా వేముగంటిగారును, వారి సహచరులును ఆ వ్యాధి మూలకణములను గూర్చి శ్రమించినారు. ఆ వ్యాధికణముల సంతతి యొకదానిని పరీక్షించి, సీడీ 133 గుఱుతు తక్కువగా నున్న కణములకే మూలకణలక్షణములు గలవని వారు 2017లో ప్రకటించిరి. ఇతరార్బుదములందు ఆ గుఱుతు హెచ్చుగా నున్నవానినే మూలకణము లనుచుండగా, ఇచ్చట తక్కువగా నున్నవే యట్టివైనవి! గుఱుతు నొక్కదానిని నమ్మరాదనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యమేల?

కంటిమాట యెముకలలోని కేల తెచ్చితిమనగా, ఈ రెండింటికిని చుట్టఱికము కలదు. రెటినోబ్లాస్టోమాకు మూలమైన జన్యువు, కణముల చీలికకు పగ్గమువంటిది, 1986లో దొరికినది. ఆ పగ్గము తెగుటయే పెక్కు ఆస్టియోసార్కోమాలయందును గానవచ్చుచున్నది. వంశక్రమమున ఆ లోపముతో బుట్టి కంటివ్యాధినుండి బ్రతికిన బిడ్డకు, పెరిగిన పిదప ఎముక క్యాన్సరు వచ్చు నపాయము ఇతరులకంటె మిక్కిలి యధికము. పసిబిడ్డ కంటిపాప దీపపు వెలుగులో తెల్లగా మెఱసినచో వెంటనే నేత్రవైద్యునికి చూపుడు. చికిత్సచే బ్రతికిన బిడ్డకు యౌవనమున మోకాలు వాచినచో కంటికథను వైద్యునికి తప్పక చెప్పుడు.

ఇంత విని, "మూలకణములను చంపు మందు వచ్చినదా?" యని మీరడిగెదరు. ఎముక క్యాన్సరునకు అట్టి ప్రత్యేకౌషధ మింకను వాడుకలోనికి రాలేదు. మఱి యీ విద్యవలన మనకేమి ప్రయోజనము? ఉన్న చికిత్సను నడుమ విడువరాదని తెలియుటయే ప్రయోజనము. శస్త్రచికిత్సకు ముందు కొన్నివారములు మందులిచ్చి, గడ్డను తీసిన పిదప దానిని సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. నూటికి 90 పాళ్లో అంతకు మించియో కణములు చచ్చియున్నచో మందు బాగుగ పనిచేసినదని నిర్ణయింతురు. అంత బాగుగ పనిచేసినను వైద్యులు మందు నాపరు. మఱల కొన్ని నెలలు ఇత్తురు. ఏలన, వారికి చచ్చిన తొంబదిమీద గాక మిగిలిన పదిమీదను, కంటికి గానరాక ఊపిరితిత్తులలో దాగినవానిమీదను దృష్టి. మా విద్యార్థి తండ్రి చూచినది కరగిన సగమును. వైద్యుడు చూచినది మిగిలిన సగమును. మేము పండితులమయ్యును తండ్రితోడనే చూచితిమి.

కావున మూడు మాటలు మనవి చేసెదము.

ఎదుగు వయసు బిడ్డకు మోకాలియొద్దగాని భుజమునొద్దగాని నొప్పి వారములకొలది మానక, రాత్రివేళ హెచ్చుచు, వాపు పెరుగుచున్నచో, నూనె, పిసుకుడు, కట్టు, వాత - ఇవి యేమియు వలదు. మొదట ఎక్స్‌రే తీయింపుడు. ఇది మొదటిమాట.

పటమున అనుమానము తోచినచో, గడ్డనుండి ముక్కదీయు పరీక్షను ఎక్కడబడిన నక్కడ చేయింపరాదు. సూది పోయిన దారిలో వ్యాధికణములు రాలియుండును గావున, తరువాతి శస్త్రచికిత్సలో ఆ దారిని గూడ కోసి తీయవలయును. దారి తప్పుగ నున్నచో నిలుపదగిన కాలు నిలువకపోవచ్చును. శస్త్రచికిత్స చేయు వైద్యుని ఆలోచన ప్రకారమే ముక్క తీయింపవలెను. ఇందుకు మన రాష్ట్రమున తగిన చోట్లు కలవు. మెహదీ నవాజ్ జంగు పేరిట నున్న ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల హైదరాబాదులో 1955 నుండి యున్నది. నిజాము వైద్యవిజ్ఞానసంస్థ కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. 2023 డిసెంబరులో కుటుంబపు పరిమితి 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. కాలు పోవునను భయముతో దాచుకొనువారు గలరు. నేడు పెక్కుమందికి కాలు తీయకయే, చెడిన యెముకను మాత్రము తీసి, లోహపు కీలును అమర్చుచున్నారు. హైదరాబాదునందలి లోహపరిశోధనసంస్థ యొకటి ముంబయి టాటా స్మారక వైద్యశాలతో గలిసి అట్టి మోకాలికీళ్లను స్వదేశమున రూపొందించినది. లోహమును నమ్మి బ్రతికిన కులమువారము. లోహము కాలై నిలుచుట మనకు సంతోషకరము కాదా? ఇది రెండవమాట.

మూడవది పోషకులగు మహాశయులకు మనవి. పథకము మందునకు రూకలిచ్చును. కాని ఆదిలాబాదునుండి హైదరాబాదు రమారమి 300 కిలోమీటర్లు. నెలలకొలది చికిత్స నడుచునపుడు బిడ్డతో తల్లియో తండ్రియో పట్టణమున నుండవలెను. కుంపటి ఆరును, ఇల్లు గడువదు. చికిత్స నడుమ నిలిచిపోవుట పెక్కుమాఱు లవివేకముచే గాదు; అద్దెచేతను, బత్తెముచేతను. నాడు ఆ తండ్రి మాయొద్దకు వచ్చినపుడు మేము శాస్త్రము చెప్పలేకపోయితిమి సరే. కనీసము మూడునెలల బత్తెమైనను కూడబెట్టి యీయవలెనను బుద్ధియు మాకు పుట్టలేదు. మన సంఘమువారు దేవాలయగోపురములకును, విందులకును ధారాళముగ నిచ్చువారు. హైదరాబాదున మన విద్యార్థులకై నడుపు వసతిగృహముల యందు రెండుగదులు రోగులగు బిడ్డలకును వారి తల్లిదండ్రులకును విడిచి, ఒక చిన్ననిధిని ప్రత్యేకించి, మన కులమువారని గాక యీ జిల్లాల బీదబిడ్డలెవరు వచ్చినను చోటిచ్చునట్లు ఈ సభయందే తీర్మానింప బ్రార్థించుచున్నాము. మా ఉద్యోగవేతనపు ఉపకారధనమునుండి మేము చేయదగిన సాయమును కోశాధికారిగారి చేతికి ఈ యుదయమే యిచ్చినారము. మొత్తము చెప్పదగినంతది కాదు.

విద్వాంసులు ప్రయోగశాలలలో ఆ మూలకణమును వెదకుచున్నారు. నేడు కాకున్న ఱేపు దానికి సరియైన గీటురాయియు, దానినిమాత్రమే హరించు మందును దొరకునని మా యాశ. అంతవరకు శేషమును మిగులనీయకుండుట వైద్యునిదెంతయో మనదియు నంతయే. గడ్డ కరగినదని యెవరైన మీ యొద్దకు వచ్చి, "ఇక చాలునా?" యని యడిగినచో, మావలె తలయూపకుడు. "వైద్యుడు చాలుననువఱకు చాలదు, ఖర్చునకు మేమున్నాము" అనుడు.

 సర్వేజనాః సుఖినో భవంతు.